డిరాక్ సమీకరణాన్ని గాజులో నడిపించడం: వేవ్‌గైడ్ వరుసలతో కణ భౌతిక ప్రయోగాలు చేసే విధానం

ఏ బలమూ పనిచేయని ఎలక్ట్రాన్ సైతం తిన్నగా సాగదనీ, సన్నగా వణుకుతూ ముందుకు పోవాలనీ 1930లో ష్రోడింగర్, సాపేక్షతకు లోబడిన ఎలక్ట్రాన్‌ను వర్ణించే డిరాక్ సమీకరణం నుంచి రాబట్టాడు. జర్మన్ భాషలో ఆ వణుకును త్సిట్టర్‌బెవేగుంగ్ అంటారు. దాని విస్తృతి సుమారు 0.19 పికోమీటర్లు, అంటే హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్ధంలో దాదాపు 270వ వంతు. స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌లో దానిని నేరుగా చూడడం ఎవరికీ సాధ్యపడలేదు. అయితే అదే సమీకరణానికి లోబడి నడిచేటట్లు గాజులో కాంతికి దారులు గీస్తే, ఆ వణుకు 24 మైక్రాన్లకు పెరిగి మామూలు సూక్ష్మదర్శినికి, కెమెరాకు అందుతుంది. అటువంటి గాజుపలకను లెక్క దగ్గరనుంచి కొలత దాకా ఎలా సిద్ధం చేయాలో ఇక్కడ వివరిస్తాను. డిగ్రీ స్థాయి క్వాంటం యాంత్రిక శాస్త్రం చదివినవారు దీనిని అనుసరించగలరు. లేజర్ ప్రయోగశాల అందుబాటులో లేనివారు సగం దూరం వరకు కంప్యూటర్ మీదనే చేసుకోవచ్చు.

ఈ పోలికకు మూలం ఒక గణిత సత్యం. ఒకే దిక్కుగా, పెద్దగా విచ్చుకోకుండా సాగే కాంతిపుంజాన్ని వర్ణించే సమీకరణం, ష్రోడింగర్ సమీకరణం ఒకే అచ్చులో ఉంటాయి. అక్కడ కాలం ఉన్నచోట ఇక్కడ గాజులో పొడవునా నడిచిన దూరం ఉంటుంది, పొటెన్షియల్ ఉన్నచోట వక్రీభవన గుణకం ఉంటుంది. కాబట్టి పది సెంటీమీటర్ల గాజుపలక అంటే ఒక కణం కథ మొదటినుంచి చివరిదాకా పరిచిపెట్టిన పట్టిక లాంటిది, పక్కనుంచి ఫోటో తీస్తే కథంతా ఒకేసారి కనిపిస్తుంది. ఈ సౌలభ్యం మరే అనుకరణ పద్ధతిలోనూ ఇంత చవకగా దొరకదని నా అభిప్రాయం. 2010లో డిరాక్ సమీకరణాన్ని ఒకే ఒక కాల్షియం అయాన్‌తో అనుకరించిన ప్రయోగంలో కాలంలోని ప్రతి బిందువుకూ కొలతను మళ్ళీ మళ్ళీ చేయవలసివచ్చింది.

పని మొదలుపెట్టేముందు ఒక నియమం పెట్టుకోవాలి. మీరు చూడబోయే దృగ్విషయానికి సంబంధించిన ఒక సంఖ్యను ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ సంఖ్యలోకి వచ్చే ప్రతి గుణకాన్నీ అసలు ప్రయోగంతో సంబంధం లేని వేరే పరీక్షలో కొలవాలి. గాజులో కాంతి ఏదో ఒక అందమైన చారను గీయకుండా ఉండదు, ఆ చారను చూసి తర్వాత గుణకాలను సరిపెడితే దేనినైనా డిరాక్ సమీకరణమని నమ్మించవచ్చు.

రెండు వేవ్‌గైడ్లతో ఆరంభం

నేరుగా డిరాక్ సమీకరణంలోకి దిగకుండా, పక్కపక్కన ఉన్న రెండు వేవ్‌గైడ్లతో, అంటే గాజులో కాంతి నడిచే రెండు సన్నని దారులతో, మొదలుపెట్టమని నా సలహా. ఒకదానిలోకి పంపిన కాంతి కొంచెం కొంచెంగా రెండవదానిలోకి కారి, మళ్ళీ వెనక్కు వస్తుంది. ఒక మిల్లీమీటరుకు ఎంత వేగంగా కారుతుందో చెప్పే సంఖ్యను కప్లింగ్ గుణకం అంటారు, దానిని కప్పా అందాం. రెండు వేవ్‌గైడ్లూ ఒకేలా ఉంటే కాంతి పూర్తిగా మారిపోతుంది. ఒకదాని వక్రీభవన గుణకం కొంచెం ఎక్కువైతే రెండింటి ప్రసరణ స్థిరాంకాలకు (మిల్లీమీటరుకు తరంగం ఫేజ్ ఎంత మారుతుందో చెప్పే సంఖ్యలకు) మధ్య తేడా వస్తుంది, ఆ తేడాలో సగాన్ని డెల్టా అందాం. అప్పుడు రెండవదానిలోకి చేరగల గరిష్ఠ వాటా ఎంతంటే, కప్పా వర్గాన్ని కప్పా వర్గం, డెల్టా వర్గాల మొత్తంతో భాగించగా వచ్చినంత.

రెండు రుచుల (రకాల) న్యూట్రినోలు ఒకటి మరొకటిగా మారే డోలనం కూడా అక్షరాలా ఇదే. ఒక వేవ్‌గైడ్‌ను ఎలక్ట్రాన్ న్యూట్రినో అనుకుంటే రెండవది మరో రుచి. పైన చెప్పిన గరిష్ఠ వాటా న్యూట్రినో భాషలో మిశ్రమ కోణానికి రెట్టింపు కోణపు సైన్ వర్గం. సూర్యుని న్యూట్రినోలకు వర్తించే మిశ్రమ కోణానికి ఆ విలువ సుమారు 0.85. అది రావాలంటే డెల్టా, కప్పాలో 0.42 వంతు ఉండాలి. కప్పా మిల్లీమీటరుకు 0.15 అయితే డెల్టా 0.063 అవుతుంది, 19.3 మిల్లీమీటర్లకు ఒక పూర్తి డోలనం వస్తుంది. అంత తేడాకు కావలసిన వక్రీభవన గుణకాల వ్యత్యాసం, 633 నానోమీటర్ల ఎర్రని కాంతికి, లక్షలో 1.3 వంతు మాత్రమే. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు ఇదే డోలనాన్ని ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తికి దాదాపు 500 కిలోమీటర్లు నడిచాక సగం పూర్తిచేస్తాయి; 1998లో సూపర్ కామియోకాండే ప్రయోగం బయటపెట్టినది దానినే.

ఈ జంటలోనే మరో మెట్టు ఎక్కవచ్చు. డెల్టాను పొడవునా స్థిరంగా ఉంచకుండా, ఒక కొసన మైనస్ 0.5 నుంచి రెండో కొసన ప్లస్ 0.5 వరకు నెమ్మదిగా మారుస్తూ పోతే, సూర్యుని దట్టమైన గర్భం నుంచి పలుచని అంచు వైపు వచ్చే న్యూట్రినోకు జరిగేదాని పోలిక దొరుకుతుంది. 1978లో వుల్ఫెన్‌స్టైన్, 1985లో మిఖెయెవ్, స్మిర్నోవ్ చెప్పిన పదార్థ ప్రభావం ఇదే. మార్పు తాపీగా జరిగితే కాంతి దాదాపు మొత్తం రెండవ వేవ్‌గైడ్‌లోకి చేరుతుంది, తొందరగా జరిగితే కొంత మొదటిదానిలోనే నిలిచిపోతుంది. పైన చెప్పిన కప్పాతో 100 మిల్లీమీటర్ల పొడవులో మార్చినప్పుడు, లాండౌ–జీనర్ సూత్రం ప్రకారం, మిగిలేది ఒక శాతంలోపే. అదే మార్పును 25 మిల్లీమీటర్లలో ముగిస్తే సుమారు 17 శాతం మిగులుతుంది. డెల్టా కొసల దగ్గర అనంతం కాదు కాబట్టి ఈ విలువల మీద కొన్ని శాతాల అలలు కనిపిస్తాయి, వాటిని చూసి కంగారుపడనక్కరలేదు. నిజమైన సూర్యునిలో అంచు దాటాక శూన్యపు మిశ్రమం మిగిలే ఉంటుంది; దానిని కూడా అనుకరించదలిస్తే డెల్టాను ప్లస్ 0.5 దాకా తీసుకుపోకుండా 0.063 దగ్గరే ఆపాలి.

ద్రవ్యరాశి ఎక్కడినుంచి వస్తుంది

ఇప్పుడు రెండింటికి బదులు 121 వేవ్‌గైడ్లను 16 మైక్రాన్ల ఎడంతో వరుసగా గీశామనుకోండి. అన్నీ ఒకేలా ఉండి, మధ్యదానిలోకి మాత్రమే కాంతిని పంపితే అది రెండు వైపులకూ రెక్కల్లా విచ్చుకుంటుంది, మధ్యలో తీవ్రత బెస్సెల్ ప్రమేయాన్ని అనుసరిస్తుంది. అలా కాక, విశాలమైన పుంజాన్ని కొంచెం వాలుగా పంపి, పక్కపక్క వేవ్‌గైడ్ల మధ్య ఫేజ్ తేడా సరిగ్గా 90 డిగ్రీలు ఉండేటట్లు చేస్తే వేరే సంగతి జరుగుతుంది. పుంజం దాదాపు విచ్చుకోకుండా, మిల్లీమీటరుకు కప్పాకు రెట్టింపు సంఖ్యలో వేవ్‌గైడ్లను దాటుతూ ఒక పక్కకు తిన్నగా పోతుంది. ద్రవ్యరాశి లేని కణం అలాగే, ఎంత ద్రవ్యవేగం ఉన్నా ఒకే వేగంతో పోతుంది. ఇక్కడి కాంతివేగం అదే: కప్పా 0.15 అయితే మిల్లీమీటరుకు 0.3 వేవ్‌గైడ్లు.

తర్వాత సరి సంఖ్య వేవ్‌గైడ్ల ప్రసరణ స్థిరాంకాన్ని సిగ్మా అంత పెంచి, బేసి సంఖ్యవాటిది అంతే తగ్గించండి. సరి వేవ్‌గైడ్లలోని తరంగం డిరాక్ స్పైనర్‌లో, అంటే ఆ సమీకరణంలోని రెండు భాగాల తరంగంలో, ఒక భాగమవుతుంది, బేసివాటిలోనిది రెండవ భాగమవుతుంది. అంతకుముందు ఒకదానినొకటి ఖండించుకుంటున్న రెండు శక్తి రేఖల మధ్య సిగ్మాకు రెట్టింపు వెడల్పున ఖాళీ తెరుచుకుంటుంది. ఎలక్ట్రాన్‌కు, దాని ప్రతికణమైన పాజిట్రాన్‌కు మధ్య ఉండే 1.022 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఖాళీకి ఇది ప్రతిరూపం. అంటే ద్రవ్యరాశిని మనం చేత్తో పెడుతున్నాం, ఏ కణానికి ఎంత బరువు కావాలో లేజర్ వేగంతో నిర్ణయిస్తున్నాం. ఈ మార్గాన్ని 2010లో లోంగీ ప్రతిపాదించగా, అదే ఏడాది జర్మనీలోని యెనా బృందం ప్రయోగంలో చూపింది.

సిగ్మాను మిల్లీమీటరుకు 0.1 తీసుకుందాం. వణుకు ఆవర్తన దూరం π (3.14) విలువను సిగ్మాతో భాగించినంత, అంటే 31.4 మిల్లీమీటర్లు, పది సెంటీమీటర్ల పలకలో మూడు వణుకులు పడతాయి. విస్తృతి కప్పాను సిగ్మాతో భాగించినంత, అంటే ఒకటిన్నర వేవ్‌గైడ్ల ఎడం, 24 మైక్రాన్లు. కాగితం మీద ముందే రాసుకోవలసిన సంఖ్యలు ఇవే. సిగ్మాను ఇంకా తగ్గిస్తే విస్తృతి పెరిగి చూడడానికి బాగుంటుంది కానీ, పలకలో ఒక వణుకు కూడా పూర్తికాదు. పెంచితే వణుకులు ఎక్కువై ఒక్కొక్కటి కెమెరా చుక్కల్లో కలిసిపోతుంది. 0.08 నుంచి 0.12 మధ్య ఎక్కడైనా ఫరవాలేదు.

పుంజం వెడల్పు విషయంలో తొందరపడకూడదు. అది సన్నగా ఉంటే అందులో ద్రవ్యవేగాలు రకరకాలుగా ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో వణికి, రెండో డోలనానికే అంతా చెదిరిపోతుంది. పుంజపు వ్యాసార్ధం పది వేవ్‌గైడ్ల మేర, అంటే 160 మైక్రాన్లు ఉంచితే లెక్కలో ఈ ద్రవ్యవేగాల తేడాల వంతు శక్తి ద్రవ్యరాశిలో మూడోవంతుకు లోబడుతుంది. అప్పుడు కూడా వణుకుతోపాటు పుంజం మొత్తంగా ఒక పక్కకు, వంద మిల్లీమీటర్లకు రెండు వేవ్‌గైడ్ల పైచిలుకు, జారుతుంది. అది పొరపాటు కాదు, డిరాక్ సమీకరణంలోనే ఉన్నది.

ముందు కంప్యూటర్ మీద

గాజును ముట్టుకునేముందు కప్లింగ్ సమీకరణాలను సంఖ్యాత్మకంగా సాధించి చూడాలి. 121 సంకీర్ణ సంఖ్యల పట్టీని తీసుకుని, ప్రతి మెట్టులో ఒక్కొక్కదానికి ఇరుపక్కలవాటినీ కప్పాతో గుణించి, సొంత స్థిరాంకపు వంతును కలుపుతూ, నాలుగో శ్రేణి రుంగే–కుట్టా పద్ధతిలో 0.05 మిల్లీమీటర్ల మెట్టుతో నడిపితే చాలు. ముప్పై నలభై వరుసల ప్రోగ్రామ్ అవుతుంది. మొత్తం తీవ్రత మారకుండా ఉందో లేదో ప్రతి పరుగులోనూ చూడాలి. సిగ్మాను సున్నా చేసి ఒకే వేవ్‌గైడ్‌లో కాంతిని పెట్టినప్పుడు మధ్య తీవ్రత మొదటిసారి సున్నాను తాకవలసింది 8.0 మిల్లీమీటర్ల దగ్గర. అది రాకపోతే ప్రోగ్రామ్ తప్పు, ముందుకు పోవద్దు. ఆ తర్వాత ప్రతి వేవ్‌గైడ్ స్థిరాంకానికీ కొద్దికొద్ది యాదృచ్ఛిక దోషాలు కలిపి మళ్ళీ నడపండి. మీ లేజర్ ఎంత స్థిరంగా రాయగలగాలో ఆ పరుగులే చెబుతాయి. ఇది చేయకుండా నేరుగా గాజు దగ్గరకు పోయినవారు తర్వాత వారాల తరబడి దోషం ఎక్కడుందో వెతుక్కుంటారు.

గాజులో రాయడం

ఫెమ్టోసెకండ్ లేజర్ పల్స్‌లను గాజులోపల ఒక బిందువు మీద కేంద్రీకరిస్తే అక్కడ వక్రీభవన గుణకం శాశ్వతంగా కొంచెం పెరుగుతుందని 1996లో జపాన్ పరిశోధకులు చూపారు. గాజును నెమ్మదిగా కదిలిస్తూ పోతే ఆ బిందువు గీత అవుతుంది, గీతే వేవ్‌గైడ్. ఫ్యూజ్డ్ సిలికాలో వచ్చే పెరుగుదల పదివేలలో ఒక వంతు నుంచి వెయ్యిలో ఒక వంతు వరకు ఉంటుంది. సిగ్మా 0.1 కావాలంటే పక్కపక్కవాటి మధ్య ఉండవలసిన తేడా లక్షలో రెండు వంతులు. అంటే మొత్తం పెరుగుదలలో కొన్ని శాతాల సవరణ అన్నమాట, దానిని రాసే వేగాన్ని మార్చి సాధిస్తారు: సరి వేవ్‌గైడ్లను కొంచెం నెమ్మదిగా, బేసివాటిని కొంచెం త్వరగా.

ఎంత వేగానికి ఎంత సిగ్మా వస్తుందో పుస్తకంలో దొరకదు, అది మీ లేజర్‌కూ మీ గాజుకూ సంబంధించినది. మొదట చేసిన న్యూట్రినో జంట ఇక్కడ కొలబద్దగా పనికివస్తుంది. అసలు వరుసను రాసే రోజునే, అదే పలకలో ఒక పక్కన, రెండు వేవ్‌గైడ్ల జంటలను రకరకాల వేగాల తేడాలతో రాయండి. కాంతి గరిష్ఠంగా 69 శాతం మాత్రమే పక్కదానిలోకి మారే జంట ఏదో, ఆ వేగాల తేడాయే కప్పా 0.15 వద్ద సిగ్మా 0.1 ఇచ్చే తేడా. వేగాలు ఒకటిగా ఉన్న జంటలో 10.5 మిల్లీమీటర్లకు పూర్తి మార్పిడి జరిగితే కప్పా 0.15 అని ధ్రువపడుతుంది. ఎడం పెరిగేకొద్దీ కప్పా ఘాతాంక రీతిలో తగ్గుతుంది గనుక అర మైక్రాన్ తేడా కూడా కనిపిస్తుంది. 14 మైక్రాన్ల నుంచి 18 వరకు ఎడాలు మారుస్తూ మరికొన్ని జంటలు రాసి ఉంచుకోవడం మంచిది. రాసిన పలకను వేడిచేసి నిదానంగా చల్లార్చే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ అది వద్దు, ఎందుకో కింద చెబుతాను.

కాంతిని పంపడం, చూడడం

పలక ముఖానికి లంబం నుంచి పుంజాన్ని ఎంత వాల్చాలో ఇలా లెక్కించాలి: తరంగదైర్ఘ్యాన్ని ఎడానికి నాలుగు రెట్లతో భాగిస్తే కోణం సైన్ వస్తుంది. 633 నానోమీటర్లకు, 16 మైక్రాన్లకు అది 0.57 డిగ్రీలు, బ్రాగ్ కోణంలో సగం. ఇది గాలిలో కొలిచే కోణం. నేను మొదటిసారి గాజు లోపలి కోణాన్ని లెక్కకట్టి, ఆ 0.39 డిగ్రీలనే బయట పెట్టాను. తెరమీద పుంజం బుద్ధిగా ఒక పక్కకు నడిచిపోయింది కానీ వణుకు లీలగా తప్ప లేదు. రాసిన పలక మీద అనుమానపడి రెండు రోజులు పోగొట్టుకున్నాక లెక్క చూసుకుంటే, ఆ కోణంలో ద్రవ్యవేగం వంతు శక్తి ద్రవ్యరాశిని మించిపోయింది. వేగంగా పోయే కణం వణకదు, డిరాక్ సమీకరణం చెప్పేదీ అదే. కోణంలో 0.04 డిగ్రీల తప్పు కూడా ద్రవ్యరాశిలో మూడోవంతుకు సమానం కాబట్టి, తిప్పే పీట మరకు అంత సూక్ష్మత ఉండాలి. సరైన కోణం దొరికిందనడానికి ఒక సులువైన గుర్తు ఉంది: వాలును ఎడమనుంచి కుడికి మార్చితే వణుకు మొదటి వంపు కూడా అటునుంచి ఇటు తిరగాలి.

పలకలో కాంతి నడిచిన దారిని పక్కనుంచి చూడడానికి గాజే సాయం చేస్తుంది. లేజర్ రాసినచోట ఫ్యూజ్డ్ సిలికాలో కొన్ని లోపకేంద్రాలు ఏర్పడతాయి, అవి 633 నానోమీటర్ల హీలియం–నియాన్ కాంతిని కొద్దిగా మింగి 650 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి. అసలు లేజర్ కాంతిని ఆపే ఫిల్టర్‌ను పెట్టి పైనుంచి కెమెరాను మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరుపుతూ పోతే, చీకట్లో ఎర్రని పాములా మూడు వంకరలు తిరిగిన దారి కనిపిస్తుంది. పలకను వేడిచేస్తే ఈ కేంద్రాలు పోతాయి, దారి కనిపించదు; వేడి వద్దన్నది అందుకే.

ఫోటోను సంఖ్యగా మార్చేటప్పుడు ప్రతి అడ్డకోతలోనూ తీవ్రతను ఆ కోత మొత్తంతో భాగించి, ఆ తర్వాతే సగటు స్థానాన్ని లెక్కించండి. అన్ని వేవ్‌గైడ్లలోనూ నష్టం సమానమైతే దానితో పోలికకు ఏ భంగమూ రాదు. నెమ్మదిగా రాసినవాటిలో, త్వరగా రాసినవాటిలో నష్టం వేరువేరుగా ఉంటే మాత్రం సమీకరణమే మారిపోతుంది. చివరలో సగటు స్థానపు వంకరకు సైన్ రేఖను సరిపెట్టి, ముందే రాసుకున్న 31.4 మిల్లీమీటర్లతో, 24 మైక్రాన్లతో పోల్చాలి. ఆవర్తన దూరం సరిపోయి విస్తృతి తక్కువగా వస్తే పుంజం వెడల్పును అనుమానించండి. ఆవర్తన దూరమే సరిపోకపోతే తప్పు సిగ్మాలో లేదా కోణంలో ఉంటుంది.

గోడ ఎత్తు పెంచితే దారి తెరుచుకోవడం

వణుకు పట్టుబడ్డాక అదే పరికరంతో క్లైన్ వైపరీత్యాన్ని చూడవచ్చు. కణం శక్తి కన్నా ఎత్తైన గోడ ఎదురైతే వెనుదిరగాలి. కానీ గోడను మరింత ఎత్తు చేస్తే సాపేక్ష ఎలక్ట్రాన్ లోపలికి చొరబడుతుందని 1929లో ఆస్కర్ క్లైన్ లెక్కకట్టాడు. వరుసలో కుడి సగానికంతటికీ ప్రసరణ స్థిరాంకాన్ని ఒకే మోతాదులో మార్చితే అది గోడ అవుతుంది. ఫేజ్ తేడాను 90 డిగ్రీల నుంచి 0.4 రేడియన్లు పక్కకు జరిపి పుంజాన్ని గోడవైపు నడిపిస్తే, మన సంఖ్యలతో దాని శక్తి 0.154 అవుతుంది. గోడ ఎత్తు 0.054 దాటేవరకు పుంజం పైనుంచి పోతుంది, అక్కడినుంచి 0.254 వరకు పూర్తిగా వెనుదిరుగుతుంది, 0.254 దాటగానే మళ్ళీ లోపలికి పోతుంది. కణం శక్తికి సరిగ్గా రెట్టింపు ఎత్తు గల నిటారు గోడ దగ్గర డిరాక్ సూత్రం ప్రకారం 58 శాతం లోపలికి పోవాలి. లోపలికి పోయినది ఖాళీకి కింద ఉన్న శక్తుల పట్టీలో, అంటే పాజిట్రాన్ పట్టీలో, నడుస్తోందని గుర్తుంచుకోవాలి. ఎత్తు 0.47 దాటితే మాత్రం దారి మళ్ళీ మూసుకుపోతుంది, దానికి డిరాక్ సమీకరణంలో తావు లేదు. వేవ్‌గైడ్ వరుసలో శక్తి పట్టీలకు పైకొస ఉండడమే కారణం, అనుకరణ ఎక్కడ అసలును వదిలిపెడుతుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వరుసనంతా వంకరగా గీస్తే, ఆ వంపు కాంతి మీద స్థిర విద్యుత్‌క్షేత్రంలా పనిచేసి, కింది పట్టీలోని పుంజంలో కొంతభాగాన్ని పై పట్టీలోకి లాగుతుంది. శూన్యం నుంచి ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటలు పుట్టడానికి ఇది ప్రతిరూపం. అసలు శూన్యంలో దీనికి మీటరుకు వెయ్యి లక్షల లక్షల లక్షల వోల్టుల పైబడిన క్షేత్రం కావాలి. అయితే ఇక్కడ పుడుతున్నది జంట కాదు, ఒకే తరంగం రెండుగా చీలుతోంది. పౌలీ నిషేధం, కణాల సంఖ్య మారడం, కణాల మధ్య పరస్పర చర్య వంటివి ఈ గాజులో లేవు. ఒంటరి కణపు సమీకరణం ఎక్కడిదాకా పోగలదో అక్కడిదాకానే పలక పోతుంది, అంతకు మించినది కావాలంటే మామూలు లేజర్ పుంజానికి బదులు చిక్కుపడిన ఫోటాన్ జంటలను వరుసలోకి పంపే వేరే పరికరం కట్టుకోవాలి.